కోర్టు డ్యూటీ

మా ఊరి కోర్టు హాలుకు రెండు తలుపులు. ఒకటి అందరిదీ. వకీళ్ళు, కక్షిదారులు, సాక్షులు, బేడీలతో ముద్దాయిలు, అప్పుడప్పుడు ఒక కుక్క, అందరం అందులోంచే వచ్చేవాళ్ళం. రెండోది వేదిక వెనకాల ఉండే చిన్న తలుపు, అది జడ్జిగారొక్కరిదే. పదిన్నరకు అటెండర్ ఆ తలుపు తీసి కేక వేస్తే హాలంతా లేచి నిలబడేది. నల్లకోటు వేసుకున్న మొదటి రోజే నా కన్ను ఆ చిన్న తలుపు మీద పడింది. న్యాయం కోసం, పేదల కోసం అని పరీక్షల్లో రాస్తాం. రాయాలి కూడా. నాకు మాత్రం ముందు ఆ తలుపులోంచి రావాలనిపించింది. మిగతా ఆశయాలన్నీ తర్వాత వచ్చి చేరాయి.

జూనియర్ సివిల్ జడ్జి కావాలంటే కనీసం మూడేళ్ళు వకీలుగా కోర్టుకు పోయి ఉండాలి. ముప్పై అయిదేళ్ళు దాటకూడదు. ముందు వడపోత పరీక్ష, అది దాటితే మూడు పెద్ద పేపర్లు, అవీ దాటితే హైదరాబాదులో పెద్దల ముందు మౌఖిక పరీక్ష. ఆ పైన పోలీసు విచారణ. అన్నీ గట్టెక్కితే శిక్షణ, ఆ తర్వాత ఏదో ఒక చిన్న ఊళ్ళో ఒక కుర్చీ, దాని వెనక ఒక చిన్న తలుపు.

నేను రెండేళ్ళ నాలుగు నెలలు కోర్టుకు పోయాను. ఇంకో ఎనిమిది నెలలుంటే లెక్క సరిపోయేది. ఈలోగా పాప పుట్టింది. మా ఆయన బహ్రెయిన్‌లో, సల్మానియా పెద్దాసుపత్రి ల్యాబ్‌లో పనిచేసేవాడు. పెళ్ళయినప్పటి నుంచీ ఆయన అక్కడ, నేను ఇక్కడ. పాపను తండ్రి మొహం ఎరగకుండా పెంచుతావా అని రెండు వైపుల వాళ్ళూ అడిగారు. సర్దుకుని వెళ్ళాను.

వెళ్ళే ముందు ఒక పని చేశాను. తప్పుడు పని. దాన్ని ఇంకో పేరుతో పిలవను. మా సీనియర్ ఆఫీసులో నాతోపాటు ఇంకో జూనియర్ ఉండేది. నాకంటే ఏడాది చిన్న, మనిషి గట్టిది. మేమిద్దరం ఒకరినొకరు ‘వదినె’ అని పిలుచుకునేవాళ్ళం. ఇద్దరి అన్నం డబ్బాలూ ఒకటే బల్ల మీద విప్పేవాళ్ళం, ఇద్దరం ఆ పరీక్షకే చదివేవాళ్ళం. వకాలతు అంటే కక్షిదారు తన కేసును వకీలుకు అప్పగించే కాగితం. అందులో మన పేరూ సంతకమూ ఉంటే ఆ కేసులో మనం ఉన్నట్టే. నేను ఒక కట్ట ఖాళీ వకాలతు ఫారాల మీద సంతకాలు పెట్టి ఆమె చేతికిచ్చాను. ఏడాదికి నాలుగైదు కేసుల్లో సీనియర్ పేరు కింద నా పేరు కూడా పడుతుంది. కాగితం మీద నేను కోర్టులోనే ఉంటాను.

సీనియర్ చూసీచూడనట్టు ఊరుకున్నాడు. “ఎనిమిది నెలలే కదమ్మా” అన్నాడు. ఎనిమిది నెలలు కాస్తా నాలుగేళ్ళయ్యాయి. ఏడాదికోసారి నెల రోజులు ఊరికి పోయి, నల్లకోటు వేసుకుని కోర్టు వరండాలో అందరికీ మొహం చూపించి వచ్చేదాన్ని.

బహ్రెయిన్‌లో మేం గలాలీ అనే పేటలో ఉండేవాళ్ళం. విమానాలు మా మేడ మీదుగానే దిగుతాయి. నేను గట్టిగా చదివితే గాని బుర్రకెక్కని రకం. ఒక సెక్షన్ చదివి, విమానం పోయేదాకా ఆగి, రెండో సెక్షన్ చదివేదాన్ని. సరిగ్గా నాకు అన్నీ నోటికొచ్చిన సమయానికి కొత్త చట్టాలు వచ్చి నంబర్లన్నీ తారుమారయ్యాయి. హత్య మూడొందల రెండు కాదట, నూట మూడట. మోసం నాలుగొందల ఇరవై కాదట, మూడొందల పద్దెనిమిదట. ఎవణ్ణయినా ఫోర్ ట్వంటీ అని నోరారా తిట్టుకునే సౌఖ్యం కూడా పోయింది.

ఆ నంబర్లు నాకు అప్పజెప్పించుకున్నది మా ఆయనే. సెలవు రోజు శుక్రవారం, తెలుగు క్రైస్తవుల ఫెలోషిప్‌కు పోతూ, కారు నడుపుతూ అడిగేవాడు. “దొంగతనం?” అంటే మూడొందల మూడు అనేదాన్ని. “నమ్మకద్రోహం?” అంటే మూడొందల పదహారు. తప్పితే పాప వెనక సీట్లోంచి నవ్వేది. మా ఆయన గుంటూరు వైపు మనిషి, మాట మెత్తన. పదిహేనేళ్ళుగా గల్ఫ్‌లో ఉండి ఉండి, ఏ పనినైనా డ్యూటీ అనడం అలవాటైపోయింది. వంట డ్యూటీ, పాపను స్కూలు బస్సెక్కించే డ్యూటీ, నాది చదువు డ్యూటీ. “నీ చదువు డ్యూటీ నువ్వు చూసుకో, గిన్నెల డ్యూటీ నేను చూసుకుంటా” అనేవాడు. ఫెలోషిప్‌లో ఆడవాళ్ళంతా నా అదృష్టాన్ని మెచ్చుకునేవాళ్ళు. నేనూ మెచ్చుకున్నాను.

ముప్పై అయిదు నిండబోతుండగా ప్రకటన వచ్చింది. ఇదే చివరిది నాకు. వడపోత పరీక్షకు నేనూ వదినె పక్కపక్కనే కూర్చున్నాం. నేను దాటాను. ఆమె రెండు మార్కుల్లో పోయింది. ఫలితాలొచ్చిన రోజు నాకంటే ముందు ఆమే ఫోన్ చేసింది. “నువ్వయితే చాలు వదినె. మనిద్దర్ల ఒక్కలమన్న ఆ మెట్లెక్కాలె” అంది. పెద్ద పేపర్లు కూడా దాటాను. మౌఖిక పరీక్షకు టికెట్ మా ఆయనే తీశాడు. కిటికీ పక్క సీటు.

హైదరాబాదులో ఆ గది చాలా చల్లగా ఉంది. బల్లకు అటువైపు అయిదుగురు పెద్దలు. మొదటి పది నిమిషాలూ బాగా జరిగింది. అడిగినవాటికి చెప్పాను, తెలియనివి తెలియవన్నాను. ఆఖరున కూర్చున్న పెద్దాయన తన ముందున్న కాగితం కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ అడిగాడు.

“గ... లా... లీ. ఇదెక్కడుందమ్మా?”

నా దరఖాస్తులో ఎక్కడా ఆ మాట లేదు, ఉన్నది మా అమ్మ ఇంటి చిరునామానే. బహ్రెయిన్‌లో అన్నాను. మా ఆయన అక్కడ ఉద్యోగం చేస్తాడని, నేను పోయి వస్తుంటానని చెప్పాను. “మరి ప్రాక్టీసు?” అన్నాడు. మా ఊరి కోర్టు పేరు చెప్పాను. ఆయన ఇంకేమీ అడగలేదు, ఏదో రాసుకున్నాడు. మిగతావాళ్ళు నా వైపు చూడటం మానేశారు. అప్పుడే అర్థమయింది నాకు, పని అయిపోయిందని.

బస్టాండు దాకా ఎలా వచ్చానో తెలియదు. ఎవడో ఆకాశరామన్న ఉత్తరం రాశాడు. ఎవరు? సిమెంటు బల్ల మీద కూర్చుని లెక్క వేశాను. మా ఊళ్ళో గల్ఫ్ మొత్తాన్నీ దుబాయి అంటారు. సౌదీకి పోయినా దుబాయే, కువైట్‌కు పోయినా దుబాయే. మా అమ్మ కూడా “బిడ్డ దుబాయిల ఉంది” అనే చెప్తుంది. కోర్టులో నాకు ‘దుబాయి లాయరమ్మ’ అని పేరు. బహ్రెయిన్ అన్న మాటే వాళ్ళ నోళ్ళలో లేదు, ఇక గలాలీ ఎక్కడిది? ఆ మాట ఆ ఊళ్ళో ఒక్క మనిషికే తెలుసు. విమానాల గోల గురించి చెప్తూ ఫోన్‌లో నేనే చెప్పాను. రెండు మార్కుల్లో పోయిన మనిషికి.

అక్కడి నుంచే ఫోన్ చేశాను. ఏమన్నానో అన్నీ ఇక్కడ రాయను, రాయడానికి సిగ్గుగా ఉంది. నీ కడుపుమంట చల్లారిందా అన్నాను. నువ్వు కాలేదని నన్నూ లాగేశావా అన్నాను. “ఏం ఉత్తరమే?” అంది మొదట. ఆ తర్వాత ఏమీ అనలేదు. ఊపిరి మాత్రం వినిపించింది. మౌనం అర్ధాంగీకారం అనుకుని ఫోన్ పెట్టేశాను. నంబరు కూడా తీసేశాను. ఆకాశరామన్నలనూ ఆకాశరామక్కలనూ కలిపి తిట్టుకుంటూ ఊరికి పోకుండానే విమానం ఎక్కాను.

మా ఆయన విమానాశ్రయానికి వచ్చాడు. కారులో నేను ఏడుస్తుంటే ఒక చేత్తో కారు నడుపుతూ రెండో చేత్తో నా చెయ్యి పట్టుకున్నాడు. “ఆ అమ్మాయి మీద నాకు మొదట్నుంచీ నమ్మకం లేదు” అన్నాడు. ఇంట్లో కోడికూర వండి పెట్టి ఉంచాడు. ప్రపంచంలో నాకు మిగిలింది ఈ మనిషొక్కడే అనుకున్నాను. పళ్ళెం ముందు కూర్చుని ఆ మాట పైకి కూడా అన్నాను. ఆయన తల వంచుకుని అన్నం కలుపుకున్నాడు.

మూడు వారాల తర్వాత మా అమ్మ ఇంటికి హైకోర్టు నుంచి రిజిస్టరు నోటీసు వచ్చింది. తమ్ముడు ఫోటోలు తీసి పంపాడు. నా మీద వచ్చిన ఫిర్యాదు నకలు జతచేశామని, పదిహేను రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలని ఉంది. మధ్యాహ్నం పూట, పొయ్యి మీద పప్పు ఉడుకుతుండగా, వంటగదిలో నిలబడి నకలు చదివాను. తెలుగులో టైపు చేసిన ఒక పేజీ. కింద ‘ఒక బాధ్యతగల పౌరుడు’ అని ఉంది.

అందులో ఈ వాక్యం ఉంది: “సదరు అభ్యర్థిని గత నాలుగు సంవత్సరములుగా కోర్టు డ్యూటీ చేయుట లేదు.”

ముందు నవ్వొచ్చింది. ఏ వకీలైనా కోర్టు డ్యూటీ అంటాడా? కోర్టుకు పోతాం, వాయిదా ఉందంటాం, హాజరయ్యామంటాం. డ్యూటీ అనేది గుమ్మం దగ్గర కానిస్టేబులుకు ఉంటుంది. వదినె అయితే ‘న్యాయస్థానమునకు హాజరగుట లేదు’ అని రాసి ఉండేది. దరఖాస్తుల భాషలో ఆమె మా సీనియర్‌ను మించిపోయింది. ఫ్రిజ్ మీద అంటించుకునే సామాన్ల చీటీలో కూడా ‘విన్నవించుట ఏమనగా’ అని రాయగల మనిషి ఆమె.

నవ్వు ఆగిపోయింది. కింది వాక్యం చదివాను. నా చిరునామా. ఫ్లాటు నంబరు, ఆ తర్వాత బిల్డింగు, ఆ తర్వాత రోడ్డు, ఆ తర్వాత బ్లాకు. ఇక్కడి కాగితాల మీద ఉండే వరుసలో, ఒక్క అంకె పోకుండా. వదినెకు నేను గలాలీ అని మాత్రమే చెప్పాను. మా రోడ్డు నంబరు మా అమ్మకే తెలియదు. నాకే సరిగ్గా గుర్తుండదు, ఎప్పుడు కావాల్సినా మా ఆయననే అడుగుతాను.

పప్పు మాడిన వాసన వచ్చేదాకా అక్కడే నిలబడ్డాను. అనుమానితుల్ని లెక్కేసినప్పుడు ఆ ఊరివాళ్ళనే లెక్కేశాను. నా పక్కన పడుకునే మనిషిని లెక్కలో వెయ్యలేదు. ఎవరు వేస్తారు? ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అనలేదు.

మూడున్నరకు వచ్చాడు. బూట్లు విప్పుకుంటున్నాడు. పాప ఇంకా స్కూలు నుంచి రాలేదు.

“కోర్టు డ్యూటీ అంటే ఏమిటండీ?” అన్నాను.

ఒక బూటు చేతిలో ఉంది. తలెత్తి నా చేతిలో ఫోన్ చూశాడు. కాదని అంటాడనుకున్నాను. నిజం చెప్పాలంటే, అనాలని కోరుకున్నాను. అబద్ధమాడినా ఆ రోజుకు నమ్మి ఉండేదాన్నేమో.

“అందులో అబద్ధం ఏం రాశాను, చెప్పు” అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ అబద్ధం ఒక్కటీ లేదు అందులో. అబద్ధాలన్నీ నా ఫారాల్లోనే ఉన్నాయి.

“ఎందుకు చేశారు?” అన్నాను చివరికి.

“ఎందుకేంటి? నువ్వు జడ్జివైతే ఏదో మారుమూల ఊళ్ళో వేస్తారు. మూడేళ్ళకో బదిలీ. పాపను తీసుకెళ్ళిపోతావు. అది మళ్ళీ నన్ను ఫోన్లో చూసి నాన్నా అనాలి. లేదంటే ఉద్యోగం మానేసి నీ వెనకాల నేను రావాలి. వచ్చి ఏం చెయ్యను? జడ్జిగారి మొగుడు డ్యూటీ చెయ్యనా?”

“నన్ను అడగొచ్చు కదా. వద్దు, ఉండిపో అని ఒక్క మాట.”

“అడిగితే ఉండేదానివి కాదు. అందుకే అడగలేదు.”

“మరి నంబర్లు ఎందుకు అప్పజెప్పించుకున్నారు? టికెట్ ఎందుకు తీశారు?”

“అక్కడిదాకా వస్తావనుకోలేదు. వచ్చాక భయమేసింది.” రెండో బూటు కూడా విప్పి రెండూ గోడకు జరిపాడు. “ఆ అమ్మాయి రాసిందని నేననలేదు. నువ్వే అన్నావు. నేను కాదనలేదు, అంతే.”

కంచే చేను మేస్తే చేను ఎవరికి చెప్పుకుంటుంది? ఆ వారం నేను ఆయనతో పాప గురించి తప్ప మాట్లాడలేదు. పగలంతా ఏడ్చేదాన్ని, పాప బస్సు వచ్చే వేళకు మొహం కడుక్కునేదాన్ని. ఉద్యోగం పోయినందుకు కొంత. ఎక్కువ భాగం, నాలుగేళ్ళు కారులో నా పక్కన కూర్చుని ‘నమ్మకద్రోహం ఎంత?’ అని అడిగిన మనిషి, నన్ను అడగాల్సిన ఒక్క మాట అడగనందుకు.

సంజాయిషీకి గడువు దగ్గరపడింది. నేను కోర్టుకు పోతున్నానని ప్రమాణం చేస్తే, వకాలతులన్నీ బయటికి తీస్తారు. ఆ సంతకాలు ఎప్పుడు పెట్టారు, ఎవరు నింపారు అని వదినెను, సీనియర్‌ను పిలుస్తారు. ఉన్నది ఉన్నట్టు రాస్తే కూడా వాళ్ళనే పిలుస్తారు. ఏ దారిలో పోయినా ఆమె సనదు, అంటే వకీలు లైసెన్సు, పోతుంది. కాబట్టి రెండే వాక్యాలు రాశాను. కుటుంబ కారణాల వల్ల నా అభ్యర్థిత్వాన్ని ఉపసంహరించుకుంటున్నాను, దయచేసి అనుమతించగలరు. కుటుంబ కారణాలు అన్న మాట దగ్గర మాత్రం పెన్ను కాసేపు ఆగింది. అంతకంటే నిజం ఇంకోటి లేదు. వచ్చే ప్రకటన నాటికి నాకు వయసు దాటిపోతుంది. ఆ తలుపు ఇక నాది కాదు.

శుక్రవారం ఫెలోషిప్‌కు పోయాం. పోనని అంటే పాప ఎందుకని అడుగుతుంది. పాటలయ్యాక పాస్టరుగారు, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పేవాళ్ళుంటే ముందుకు రమ్మన్నారు. మా ఆయన లేచాడు. చెప్పేస్తాడేమో, అందరి ముందూ ఒప్పుకుంటాడేమో అనుకున్నాను.

“మా ఆవిడ జడ్జి కావాలని ఎంతో ప్రయాసపడింది, మీ అందరికీ తెలుసు” అన్నాడు మైకులో. “చివరి మెట్టు దగ్గర ప్రభువు ఆ తలుపు మూశాడు. మొదట బాధపడ్డాం. కానీ మా కుటుంబాన్ని ఒక్కచోట ఉంచడానికే ఆయన అలా చేశాడని ఇప్పుడు అర్థమైంది.”

హాలంతా ఆమెన్ అంది. పక్కన కూర్చున్న నర్సమ్మ, నాకు అక్కలాంటిది, నా చెయ్యి గట్టిగా నొక్కింది. తను చేసిన పని దేవుడి మీద పెట్టాడు. దేవుడైతే కాదనడు కదా.

కోర్టులో కూడా దాన్ని సాక్ష్యమనే అంటాం. కానీ అక్కడ సాక్షి చెప్పగానే ఎవరూ ఆమెన్ అనరు. అవతలి వకీలు లేచి ప్రశ్నలడుగుతాడు. అడగనిదే ఆ మాటకు విలువ లేదు. నా దగ్గర మూడు ప్రశ్నలు సిద్ధంగా ఉన్నాయి, ఆయన కూర్చోకముందే లేచి అడుగుదామన్నంత కోపం ఉంది. అడ్డం పడింది భయం కాదు. ఇంకో మనిషికి నేను ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదన్న సంగతి.

పాపను నర్సమ్మ ఒళ్ళో కూర్చోబెట్టి బయటికి వచ్చాను. తమ్ముడికి ఫోన్ చేసి వదినె నంబరు తీసుకున్నాను. కార్లు పెట్టేచోట ఎండలో నిలబడి చేశాను. అక్కడ ఒంటిగంట దాటింది, కోర్టు నడుస్తూ ఉంటుంది. ఎత్తదనుకున్నాను. ఎత్తింది. వెనక వరండా చప్పుళ్ళు, టైపు మిషను.

“ఆ ఉత్తరం రాసింది నువ్వు కాదని తెలిసింది వదినె” అన్నాను.

“నేను రాయలేదని నాకెర్కనే కద” అంది.

“తప్పయింది. ఎవరు రాశారంటే...”

“చెప్పకు. నాకెందుకది.” నా మాటకు అడ్డొచ్చింది. “ఆ దినం ఎంతసేపు మాట్లాడినవో యాదికున్నదా? మస్తుసేపు మాట్లాడినవ్. గంతసేపట్ల, నువ్వు రాసినవా అని ఒక్కపారి అడగలే. రాసినవ్ అన్నవ్.”

“తప్పే వదినె” అన్నాను.

“నేను ఊకున్నది ఎందుకనుకున్నవ్? నువ్వు అడుగుతవేమో అని చూసిన. నువ్వు అడుగలే, పెట్టేసినవ్.” ఆమె గొంతులో కోపం లేదు, అదే నాకు ఎక్కువ బాధయింది. “ఆ కుర్చీ నీకు రాకపోవుడే మంచిగైంది. లోపట నా కేసు పిలుస్తున్నరు, పోవాలె.”

ఫోన్ పెట్టేసింది. ఎండకు ఫోన్ చేతిలో కాలుతోంది. లోపల ఇంకెవరో సాక్ష్యం చెప్తున్నారు. మా ఆయన నన్ను ఒక్క మాట అడగలేదని వారం రోజులు ఏడ్చాను. నేనూ ఆమెను అడగలేదు.